బిడ్డ పుట్టకముందు ఏం కొనాలి?

ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో చాలామంది కాన్పుకు ముందు కొత్త బట్టలు కొనరు. కొంటే కీడు అంటారు పెద్దలు. కీడు మాట ఎట్లా ఉన్నా, ఆ డబ్బు మిగులుతుంది. గంజి పెట్టిన కొత్తగుడ్డ పసిబిడ్డ ఒంటికి గరుకు. అమ్మమ్మ కట్టి కట్టి మెత్తబడ్డ నూలుచీర హాయి. దాన్ని చింపి పొత్తిగుడ్డలు చేసుకోవాలి. సబ్బుతో ఉతికి, ఎండలో ఆరేసి, మూట కట్టాలి. డజనున్నర ఉంటే ముసురు పట్టినా ఇబ్బంది లేదు. ఒక టోపీ, ఒక దుప్పటి చాలు. పసిబిడ్డ ఒళ్లు తొందరగా చల్లబడుతుంది.

పాలడబ్బా, పాలసీసా కొనొద్దు. వీటికి ప్రకటనలు చేయకూడదని 1992లోనే చట్టం వచ్చింది. ఎందుకు? సీసా సరిగా ఉడకబెట్టకపోతే బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి. డబ్బా ఖరీదు కదా అని నీళ్లు ఎక్కువ కలిపితే బిడ్డ చిక్కిపోతుంది. పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టాలి. ఆరు నెలలు తల్లిపాలే. తేనె వద్దు, చక్కెర నీళ్లు వద్దు, ఆముదం వద్దు. ఆ తర్వాత గిన్నె, చెంచా కావాలి. ఉదయగిరి కొయ్య చెంచాలకు పేరుంది. పసిబిడ్డకు మాత్రం ఉడకబెట్టుకునే స్టీలు చెంచానే మేలు.

డబ్బా కొనే డబ్బుతో తల్లికి గుడ్లు, పప్పు, ఆకుకూర వస్తాయి. పాలు పడేది తల్లికే కదా! పత్యమని ఆమెను కారం మెతుకులతో సరిపెట్టొద్దు.

108 బండికి డబ్బులు అడగరు. ఆసుపత్రిలో తోడుండేవాళ్ల తిండికి మాత్రం కొంత దాచుకోవాలి. ఆ డబ్బు, ఆసుపత్రి కార్డు, ఆధార్ కార్డు గుడ్డల మూటలోనే పెట్టాలి. నొప్పులు అర్ధరాత్రి వస్తే వెతుక్కునే టైముండదు.