సృజనాత్మక కాల్పనికేతర రచన: మామిడితోట నుంచి వ్యాసం దాకా

లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరవాత మీరు:
• సృజనాత్మక కాల్పనికేతర రచనకు, వార్తకు, కథకు మధ్య తేడాను వివరించగలుగుతారు.
• ఒక స్థలాన్ని గాని, వృత్తిని గాని గూర్చి సమాచారం సేకరించే పద్ధతిని తెలుసుకుంటారు.
• సేకరించిన సమాచారాన్ని దృశ్యాలుగా, వివరణగా అమర్చగలుగుతారు.
• నిజమైన మనుషులను గూర్చి రాసేటప్పుడు పాటించవలసిన నియమాలను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

జరిగిన విషయాన్ని, ఉన్న మనుషులను, ఉన్న స్థలాన్ని ఆధారంగా చేసుకొని, కథను చదివించే నేర్పుతో రాసే రచనను సృజనాత్మక కాల్పనికేతర రచన అంటారు. క్రియేటివ్ నాన్‌ఫిక్షన్ అనే పేరుతో కూడా ఇది వాడుకలో ఉంది. ఆత్మకథ, స్మృతి రచన, యాత్రాచరిత్ర, వ్యక్తి చిత్రణ, సుదీర్ఘమైన పత్రికా కథనం, ఒక ఊరిని లేదా వృత్తిని గూర్చిన వ్యాసం ఈ ప్రక్రియ కిందికి వస్తాయి.

పేరు కొత్తదే గాని ఈ పని తెలుగువారికి కొత్త కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరారు. దారిలో ఆయన రాసుకున్న వివరాలు 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. ఏ మజిలీలో నీళ్ళు దొరుకుతాయి, ఏ ఊళ్ళో అంగళ్ళున్నాయి, దారి ఎలా ఉంది వంటివి ఆయన ఓపికగా నమోదు చేశారు. అవి అప్పటికి మామూలు విషయాలు. ఆనాటి ప్రయాణం ఎలా ఉండేదో ఇప్పుడు మనకు తెలుస్తున్నది వాటివల్లనే.

అమెరికన్ రచయిత జాన్ మెక్‌ఫీ 1967లో 'ఆరెంజెస్' అనే పుస్తకం ప్రచురించారు. అది మొత్తం నారింజపండును గూర్చిన పుస్తకం. తోటలు, అంటుకట్టేవారు, కోసేవారు, రసం తీసే కర్మాగారాలు అందులో వస్తాయి. ఒక పండు చుట్టూ అంత విషయం ఉన్నప్పుడు, మన మామిడి చుట్టూ ఎంత ఉంటుందో ఆలోచించండి.

అందుకే ఈ పాఠంలోని ఉదాహరణలను ఒకే చోటు నుంచి తీసుకుంటున్నాం. అది నూజివీడు మామిడి ప్రాంతంలోని రెడ్డిగూడెం. మీ ఊళ్ళో మామిడి లేకపోవచ్చు. మిరప, చేపల చెరువు, మగ్గం, ఇటుకబట్టీ ఏదైనా ఉండవచ్చు. పద్ధతి మాత్రం అదే.

2. వార్త, కథ, కాల్పనికేతర రచన

ఏప్రిల్ నెలలో ఒక రాత్రి గాలివాన వచ్చి కాయలు రాలాయనుకుందాం. దీన్ని మూడు విధాలుగా రాయవచ్చు.

వార్త: 'రెడ్డిగూడెం మండలంలో గాలివానకు మామిడికాయలు రాలిపోయాయి. రైతులకు నష్టం వాటిల్లింది.' ఇందులో సమాచారం ఉంది, మనిషి కనిపించడు.

కథ: రైతుకు మీరు పేరు పెట్టవచ్చు, అప్పు పెట్టవచ్చు, ఆయన మనసులో మెదిలిన మాటలు రాయవచ్చు. ఇదంతా కల్పన అని పాఠకుడికి తెలుసు.

కాల్పనికేతర రచన: 'తెల్లవారేసరికి చెట్ల కింద కాయలు పరచుకొని ఉన్నాయి. ఆయన ఒక్కొక్క కాయనూ తీసి, తిప్పి చూసి, పగిలినవి ఒక పక్కకు, బాగున్నవి ఒక పక్కకు వేస్తున్నారు. "ఇవి పచ్చడికి పోతాయి" అన్నారు. ఎన్ని రాలాయని అడిగితే సమాధానం చెప్పలేదు. బుట్ట మాత్రం మార్చారు.'

మూడవ దానిలో రైతు బాధను గూర్చి ఒక్క మాట కూడా లేదు. ఆయన చేతులు ఏం చేస్తున్నాయో, ఏమన్నారో, ఏమనలేదో మాత్రమే ఉంది. పాఠకుడు మిగిలినది గ్రహిస్తాడు. (పై నమూనాలోని రైతు పాఠం కోసం ఊహించిన మనిషి. మీ వ్యాసంలో మాత్రం ఆ మనిషి, ఆ ఉదయం, ఆ మాట నిజంగా ఉండాలి.)

ఈ ప్రక్రియలో 'సృజన' విషయాన్ని కల్పించడంలో ఉండదు. దేన్ని చూడాలి, దేన్ని ఎంచుకోవాలి, దేని పక్కన దేన్ని పెట్టాలి అనే నిర్ణయాలలో ఉంటుంది. 'ఇది జరిగింది' అని పాఠకుడికి మీరు మాట ఇస్తున్నారు. ఆ మాట నిలబెట్టుకుంటూనే రచనను ఆసక్తికరంగా చేయాలి.

3. సమాచార సేకరణ

3.1 ప్రశ్నతో మొదలుపెట్టండి

'మామిడి' అనేది విషయం మాత్రమే. దాని నుంచి ఒక ప్రశ్న పుట్టాలి. ఉదాహరణకు, చాలా తోటలను యజమానులు పూత దశలోనో పిందె దశలోనో వ్యాపారికి అప్పగిస్తారు. అక్కడి నుంచి మందుల పిచికారీ, కాపలా, కోత ఆ వ్యాపారి చూసుకుంటాడు. అలాంటప్పుడు గాలివానకు రాలిన కాయ ఎవరి నష్టం? యజమానిదా, తోట తీసుకున్నవాడిదా, కోతకు రావలసిన కూలీదా? ఈ ప్రశ్నకు సమాధానం వెతకడానికి మీరు ముగ్గురితో మాట్లాడక తప్పదు. అప్పుడే వ్యాసానికి బలం వస్తుంది.

3.2 చూసినది, అనుకున్నది

నోటుపుస్తకంలో పేజీని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమవైపు మీరు చూసినదీ విన్నదీ, కుడివైపు మీకు అనిపించినదీ రాయండి. 'చిక్కం కట్టిన పొడవాటి కర్రతో కాయను ముచ్చికతో సహా కోశాడు' అనేది ఎడమవైపు ఉండాలి. 'పనిలో ఆరితేరినవాడు' అనేది కుడివైపు ఉండాలి. వ్యాసం రాసేటప్పుడు వీలైనంతవరకు ఎడమవైపు నుంచే తీసుకోండి.

ఎందుకని అడగడం మరచిపోవద్దు. ముచ్చిక ఎందుకు ఉంచుతారు? ముచ్చిక ఊడితే సొన కారి తొక్కమీద మచ్చ పడుతుంది, మచ్చపడిన కాయకు ధర తగ్గుతుంది. అదే సొన కోసేవారి చర్మాన్ని కూడా పొక్కిస్తుంది. ఒక చిన్న 'ఎందుకు' అనే ప్రశ్న కాయ ధరనూ, కూలీ చేతినీ ఒకే వాక్యంలోకి తెచ్చింది.

3.3 స్థానిక పదాలు

తోటను అప్పగించడాన్ని అక్కడ గుత్త అంటున్నారా, కౌలు అంటున్నారా? ఎవరు ఏ మాట వాడుతున్నారో వినండి. చిన్న రసం, పెద్ద రసం, బంగినపల్లి, కలెక్టరు అని రకాల పేర్లు చెప్పినప్పుడు వాటిని అలాగే రాసుకోండి. 'వివిధ రకాల మామిడిపండ్లు' అని రాస్తే పాఠకుడి కళ్ళముందు ఏ పండూ కనిపించదు. చిన్న రసాన్ని ముక్కలు కోసుకోరు, మెత్తగా పిసికి జుర్రుకుంటారు. బంగినపల్లిని కోసుకొని తింటారు. పేరు చెబితే తినే పద్ధతి కూడా వస్తుంది.

ఎదుటివారి యాసను ఎగతాళి అనిపించేలా రాయకూడదు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు జిల్లా పలుకుబడిలో రాసినప్పుడు ఆ భాషలో తానూ ఒకడిగా రాశారు. మీరు బయటినుంచి వెళ్ళినవారైతే, వారి మాటల్లో ప్రత్యేకమైన పదాన్నీ వాక్యపు తీరునూ నిలుపుకుంటే చాలు.

3.4 సరిచూసుకోవడం

విన్నదాన్ని విన్నట్లు నమ్మితే పొరపాట్లు వస్తాయి. రెండు ఉదాహరణలు చూడండి.

రెడ్డిగూడెంలో ఒక పెద్దాయన 'మాది కృష్ణా జిల్లా' అనవచ్చు. 2022 ఏప్రిల్ 4న అమలులోకి వచ్చిన జిల్లాల పునర్విభజనలో రెడ్డిగూడెం ఎన్టీఆర్ జిల్లాలోకి, నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్ళాయి. పెద్దాయన మాటను మీరు దిద్దకూడదు. అది ఆయన అనుభవం. కాని మీ సొంత వాక్యంలో పునర్విభజన సంగతి చెప్పాలి. ఒకే మామిడి ప్రాంతం రెండు జిల్లాలుగా విడిపోవడం వల్ల ఏమైనా మారిందా అన్నది మీకు దొరికిన మరో ప్రశ్న.

అలాగే, బంగినపల్లిని నూజివీడు పండుగా చాలామంది ఎరుగుదురు. ఆ పేరు రాయలసీమలోని బనగానపల్లె నుంచి వచ్చింది. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది. ఒక చోటి పేరు మరొక చోటి తోటలో ఎలా స్థిరపడిందో రాయాలంటే నూజివీడులోని మామిడి పరిశోధన కేంద్రం వంటి చోట అడగాలి, పాత అంటుకట్టేవారినీ అడగాలి.

4. రచనా నిర్మాణం

4.1 దృశ్యం, వివరణ

దృశ్యం అంటే ఒక స్థలంలో, ఒక సమయంలో, మనుషులు ఏదో చేస్తూ ఉండగా చూపించడం. వివరణ అంటే దాని వెనుక ఉన్న సంగతిని చెప్పడం. దృశ్యాలే ఉంటే పాఠకుడికి అర్థం తెలియదు. వివరణే ఉంటే అది నివేదికలా మారుతుంది. రెండూ మార్చి మార్చి రావాలి.

దృశ్యం: గోదాములో కాయలను పెట్టెలలోకి సర్దుతున్నారు. వివరణ: కాయలను మాగవేయడానికి కాల్షియం కార్బైడు వాడటం మన దేశంలో నిషేధం, పరిమితికి లోబడి ఇథిలీన్ వాయువు వాడవచ్చు. తరవాత తిరిగి గోదాములోకి వెళ్ళాలి. వివరణ ఎప్పుడూ పాఠకుడికి సందేహం పుట్టిన చోటే రావాలి. సందేహం పుట్టకముందే చెబితే అది పాఠ్యపుస్తకంలా అనిపిస్తుంది.

4.2 క్రమం

మీ దగ్గరున్న సమాచారాన్ని మూడు రకాలుగా అమర్చవచ్చు.

(అ) కాలక్రమం: శీతాకాలంలో పూత, తరవాత పిందె, వేసవిలో కోత. తోటకు సహజమైన క్రమం ఇది. మీరు కనీసం నాలుగైదు నెలలపాటు వెళ్ళి వస్తూ ఉండాలి.
(ఆ) ఒక కాయ ప్రయాణం: చెట్టు నుంచి విజయవాడ దగ్గరి నున్న మార్కెట్టుకు, అక్కడి నుంచి ఉత్తరాది లారీకి. కాయ చేతులు మారినప్పుడల్లా కొత్త మనిషి వస్తాడు.
(ఇ) ఒక రోజు: తెల్లవారుజామున కోతతో మొదలై సాయంత్రం కూలి డబ్బు పంచడంతో ముగియడం. మధ్యలో ఆగి గతాన్ని వివరించవచ్చు.

తొలిసారి రాసేవారికి మూడవది అనువైనది. దానికి పరిధి చిన్నది. కాని ఒక జాగ్రత్త: రెండు వేర్వేరు రోజులలో చూసిన వాటిని ఒకే రోజు జరిగినట్లు కలపకూడదు. రెండవసారి వెళ్ళి ఉంటే 'వారం తరవాత మళ్ళీ వెళ్ళినప్పుడు' అని చెప్పండి. దానివల్ల రచన చెడదు.

5. నిజమైన మనుషులను గూర్చి రాయడం

కథలోని పాత్ర పుస్తకం మూసేయగానే అయిపోతుంది. మీ వ్యాసంలోని మనిషి రేపు అదే తోటకు పనికి వెళ్ళాలి. కూలి తక్కువ ఇస్తున్నారని ఒక స్త్రీ మీతో చెప్పింది, మీరు ఆమె పేరుతో సహా రాశారు, వచ్చే కోతకు ఆమెను పిలవలేదు. అప్పుడు మీ వ్యాసంలో ప్రతి అక్షరం నిజమే కావచ్చు, నష్టపోయినది మాత్రం ఆమె. కాబట్టి ఈ నియమాలు పాటించండి.

మొదటిది, ఎందుకు అడుగుతున్నారో, ఎక్కడ రాస్తారో ముందే చెప్పండి. మాటల్లో పడి ఎదుటివారు ఆ సంగతి మరచిపోతారు. చివర మరొకసారి గుర్తుచేయండి.

రెండవది, అవసరమైతే పేరు మార్చండి. పేరు మార్చిన సంగతి పాఠకుడికి చెప్పండి. ఇద్దరు ముగ్గురిని కలిపి ఒక మనిషిగా చూపించవద్దు.

మూడవది, మనసులోని మాటలను కల్పించవద్దు. 'ఆయన లోలోపల కుమిలిపోయారు' అని మీకెలా తెలుసు? 'ఆ రాత్రి నిద్రపట్టలేదని చెప్పారు' అని రాస్తే సరిపోతుంది. అమెరికన్ రచయిత ట్రూమన్ కపోటి 1966లో వచ్చిన 'ఇన్ కోల్డ్ బ్లడ్' పుస్తకాన్ని పూర్తిగా యథార్థమని చెప్పుకున్నారు. శ్మశానంలో జరిగినట్లు రాసిన చివరి దృశ్యం కల్పితమని తరవాత తేలింది. ఆ పుస్తకంలోని శిల్పాన్ని ఇప్పటికీ మెచ్చుకుంటారు, కాని దానిని గూర్చి మాట్లాడిన ప్రతిసారీ ఈ ప్రశ్న కూడా వస్తుంది.

నాలుగవది, వినికిడి మాట మీద ఎవరిపైనా నేరం మోపవద్దు. ఫలానా వ్యాపారి కార్బైడు వాడతాడని పొరుగువారు చెప్పినంత మాత్రాన అది ఆధారం కాదు.

ఐదవది, మనుషుల మాటకు తగిన చోటివ్వండి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలను వారి మాటల్లోనే సేకరించి స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' ప్రచురించింది. చరిత్ర గ్రంథాలలో చోటు దొరకనివారు అందులో తమ సంగతిని తామే చెప్పుకున్నారు. తోట యజమానితో గంట మాట్లాడి, కాయలు మోసే ఆమెతో రెండు నిమిషాలు మాట్లాడితే, ఆ తేడా మీ వ్యాసంలో కనిపిస్తుంది.

6. తిరిగి రాయడం

మొదటి చిత్తుప్రతిని రెండు మూడు రోజులు పక్కన పెట్టండి. తరవాత బిగ్గరగా చదవండి. ఎక్కడ నాలుక తడబడితే అక్కడ వాక్యం సరిగా లేదని గుర్తు. 'హృదయవిదారకమైన', 'పచ్చని తివాచీ పరచినట్లు' వంటి అరిగిపోయిన మాటలు కనిపిస్తే కొట్టేసి, మీ నోటుపుస్తకపు ఎడమవైపు నుంచి ఒక వివరం తెచ్చి అక్కడ పెట్టండి. ప్రతి అంకెకూ, ప్రతి పేరుకూ 'ఇది నాకెలా తెలుసు?' అని ప్రశ్నించుకోండి. సమాధానం లేనిదాన్ని తీసివేయండి.

చివరిగా, ఎవరి మాటలు రాశారో వారికి ఆ భాగాన్ని చదివి వినిపించండి. ప్రతి అభ్యంతరాన్నీ ఒప్పుకోనవసరం లేదు. అయితే మీరు తప్పుగా విన్నది ఏదైనా ఉంటే అక్కడే బయటపడుతుంది. 'నేనలా అనలేదు, ఇలా అన్నాను' అని వారు దిద్దిన మాట చాలాసార్లు మీరు రాసినదానికన్నా బాగుంటుంది.

7. సారాంశం

సృజనాత్మక కాల్పనికేతర రచనలో విషయమంతా నిజమై ఉండాలి; నేర్పు ఎంపికలో, అమరికలో, భాషలో కనిపించాలి. ప్రశ్నతో మొదలుపెట్టి, చూసినదాన్నీ అనుకున్నదాన్నీ వేరుచేసి, విన్నదాన్ని సరిచూసుకొని, దృశ్యాన్నీ వివరణనూ మార్చి మార్చి ఉపయోగించాలి. మన రచన వల్ల అందులోని మనుషులకు ఏం జరుగుతుందో ఆలోచించడం కూడా రచనలో భాగమే.

8. అభ్యాసాలు

1. 'చూసినది', 'అనుకున్నది' మధ్య తేడాను మీ ఊరి నుంచి మూడు ఉదాహరణలతో వివరించండి.
2. మీకు దగ్గరలో జరిగే ఏదైనా పనిని ఒక గంటసేపు గమనించి, ఎవరి మనసులోని మాటనూ కల్పించకుండా 200 పదాలలో ఒక దృశ్యం రాయండి.
3. ఆ దృశ్యంలో పాఠకుడికి సందేహం ఎక్కడ కలుగుతుందో గుర్తించి, అక్కడ 50 పదాల వివరణ చేర్చండి.
4. మీరు రాసినదాన్ని ఆ పని చేసినవారికి చదివి వినిపించండి. వారు చెప్పిన మార్పులలో వేటిని అంగీకరించారో, వేటిని అంగీకరించలేదో కారణాలతో రాయండి.