అయిదో చక్రం లేని కారుకు పంక్చరైతే

టెక్సస్‌లో కూతురి ఇంటికి వచ్చిన మామగారికి అల్లుడు తన షెవర్లే కార్వెట్‌ను చూపిస్తాడు. ఆయన ఒకసారి చుట్టూ తిరిగి చూసి, డిక్కీ తెరిపించి, కార్పెట్ అంచు ఎత్తి, "స్టెప్నీ ఎక్కడుంది బాబూ?" అంటారు. అంబాసిడర్‌తో మొదలుపెట్టి మారుతి దాకా నడిపిన మనిషి అడగవలసిన ప్రశ్నే అది. ఆ కారులో స్టెప్నీ లేదు. జాకీ కూడా లేదు. అంత ఖరీదైన బండిలో అవి ఎందుకు లేవు? నడిదారిలో గాలి దిగిపోతే ఎలా? మొదటి ప్రశ్నకు జవాబు తెలిస్తే రెండోదానికి సగం జవాబు దొరికినట్టే.

కార్వెట్‌కు మొదటి నుంచీ స్టెప్నీ లేదని కాదు. 1984 మోడల్‌గా వచ్చిన నాలుగో తరం కారుకు వెనక భాగం అడుగున ఒక సన్నటి తాత్కాలిక చక్రం అమర్చి ఉండేది. 1997లో అయిదో తరం వచ్చినప్పుడు దాన్ని తీసేశారు. ఆ చోటు డిక్కీకి కలిసింది, బరువూ తగ్గింది. స్టెప్నీ చక్రం, జాకీ, పనిముట్లు అన్నీ కలిపితే తేలిగ్గా 15, 20 కిలోలు అవుతాయి. కిలో కిలో లెక్కగట్టి తయారుచేసే బండిలో అది చిన్న బరువేమీ కాదు.

అయితే బరువు కన్నా పెద్ద చిక్కు కొలతలది. ఇప్పటి ఎనిమిదో తరం మామూలు కార్వెట్‌లో ముందు టైర్లు 245/35, 19 అంగుళాల రిమ్ము. వెనకవి 305/30, 20 అంగుళాల రిమ్ము. ముందుది వెనక పట్టదు, వెనకది ముందు పట్టదు. అంటే ఒక స్టెప్నీ చాలదు. పోనీ చిన్న తాత్కాలిక చక్రం పెడదామంటే, పెద్ద బ్రేకులు దాని రిమ్ముకు అడ్డం వస్తాయి. అదృష్టం కొద్దీ పట్టినా, వెనక ఒక చక్రం చిన్నదీ ఒకటి పెద్దదీ అయితే రెండూ వేర్వేరు వేగాలతో తిరుగుతాయి. రెండు చక్రాల వేగాల తేడాను అదుపులో ఉంచే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉన్న కారులో ఆ తేడా దారి పొడవునా లోపలి ప్లేట్లను రాపిడి పెడుతూనే ఉంటుంది. ఇక విప్పిన చక్రం సంగతి. అడుగు వెడల్పున్న ఆ టైరును, బురదతో సహా, రెండే సీట్లున్న కారులో ఎక్కడ పెట్టాలి? పాత పోర్షె 911లలో గాలి లేకుండా మడతపడి ఉండే స్టెప్నీ ఇచ్చేవారు. దారిలో కంప్రెసర్‌తో గాలి కొట్టి బిగించుకోవాలి. విప్పిన పెద్ద చక్రానికి మాత్రం చివరికి పక్క సీటే దిక్కయ్యేది. పక్కన మనిషి ఉంటే ఆ మనిషి ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు.

ఇది అమెరికా సంగతే, మనకెందుకు అనుకోనక్కర్లేదు. భారత ప్రభుత్వం 2020లో మోటారు వాహనాల నియమాలు సవరించి, ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి ఒత్తిడిని కనిపెట్టే టీపీఎంఎస్, రిపేరు కిట్ ఉన్న ప్యాసింజరు కారుకు స్టెప్నీ తప్పనిసరి కాదంది. హైదరాబాద్‌లో, విజయవాడలో ఇప్పుడు మామూలు ఎలక్ట్రిక్ కార్లు కూడా కొన్ని స్టెప్నీ లేకుండానే వస్తున్నాయి. కింద చెప్పేదాంట్లో చాలా భాగం వాటికీ వర్తిస్తుంది.

స్టెప్నీ తీసేసిన కార్వెట్‌కు బదులుగా ఇచ్చింది రన్‌ఫ్లాట్ టైరు. అది ఎలా పనిచేస్తుందో తెలియాలంటే మామూలు టైరు ఎలా పనిచేస్తుందో చూడాలి. బండి బరువును నిజంగా మోసేది లోపలి గాలి. అయిదో తరం కార్వెట్ బరువు దాదాపు 1,470 కిలోలు. నాలుగు చక్రాలకు పంచితే ఒక్కోదాని మీద 367 కిలోలు. గాలి 30 పీఎస్ఐ, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 2.1 కిలోలు. లెక్క కడితే టైరు నేలకు ఆనేది 175 చదరపు సెంటీమీటర్ల మేర, పెద్ద మనిషి చేయి వేళ్లతో సహా నేలమీద ఆనించినంత చోటు. గాలి పోతే ఆ 367 కిలోలూ పలచటి సైడ్‌వాల్ మీద పడతాయి. అది మడతపడి, పైన రిమ్ముకూ కింద రోడ్డుకూ మధ్య నలుగుతుంది. రన్‌ఫ్లాట్‌లో ఆ సైడ్‌వాల్‌ను లోపల మందపాటి రబ్బరుతో గట్టి చేస్తారు. గాలి లేకపోయినా అది నిలబడుతుంది. అలా ఎంత దూరం? సాధారణంగా చెప్పే హద్దు 50 మైళ్లు, గంటకు 50 మైళ్లు మించకుండా. అంటే 80 కిలోమీటర్లు, 80 వేగం. ఆ గట్టిదనం వల్లే గాలి పోయిన సంగతి స్టీరింగ్ చెప్పదు, కంటికీ కనబడదు. అందుకే రన్‌ఫ్లాట్ ఉన్న కారులో టీపీఎంఎస్ దీపం అలంకారం కాదు. అది వెలిగిన క్షణం నుంచే ఆ 50 మైళ్ల లెక్క మొదలవుతుంది.

50 మైళ్లు ఊళ్లో చాలా ఎక్కువ. పశ్చిమ టెక్సస్‌లో చాలా తక్కువ. ఇంటర్‌స్టేట్ 10 మీద ఫోర్ట్ స్టాక్టన్ నుంచి వాన్ హార్న్‌కు దాదాపు 120 మైళ్లు. మధ్యలో బాల్మోరియా లాంటి చిన్న ఊరు తగులుతుంది గానీ, 305/30 టైరు అలాంటి చోట దుకాణంలో సిద్ధంగా ఉంటుందని ఆశించలేం. అక్కడ అనుమతించే వేగం గంటకు 80 మైళ్లు. 50లో పోయే బండి పక్కనుంచి ట్రక్కులు దూసుకుపోతాయి. కాబట్టి రన్‌ఫ్లాట్ ఉన్నా గాలి కొట్టే కంప్రెసర్ ఒకటి కారులో ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

అసలు ఇబ్బంది రన్‌ఫ్లాట్లు అరిగిపోయాక మొదలవుతుంది. అవి గట్టిగా ఉంటాయి, రోడ్డు మీది ప్రతి గతుకునూ నడుముకు అందిస్తాయి, ధరా ఎక్కువే. అందుకని చాలామంది యజమానులు రెండో జత కొనేటప్పుడు మామూలు టైర్లకు మారిపోతారు. ప్రయాణం మెత్తబడుతుంది, చప్పుడు తగ్గుతుంది. ఆ ఎంపికలో తప్పేమీ లేదు. కానీ ఆ రోజుతో కారులో రన్‌ఫ్లాటూ లేదు, స్టెప్నీ ఎలాగూ లేదు. టైర్లు మార్చిన రోజే కిట్ కూడా కొనాలి. కంప్రెసర్, రబ్బరు స్ట్రిప్పులు, వాటి సూదులు, ఒక సీసా సీలెంట్, ఒక టార్చి, మోకాళ్ల కింద వేసుకోవడానికి పాత దుప్పటి. వీల్ నట్లకు లాక్ ఉంటే దాని తాళంచెవి లాంటి సాకెట్ గ్లవ్‌బాక్స్‌లో ఉందో లేదో అప్పుడే చూసుకోవాలి. అది ఇంట్లో ఉండిపోతే ఎంత మంచి దుకాణమైనా చక్రం విప్పలేక ఆగిపోతుంది.

ఇక దీపం వెలిగింది, లేదా బండి ఒక పక్కకు లాగుతోంది. గట్టిగా బ్రేకు వేయకండి. కాలు మెల్లగా తీసి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, రోడ్డు పక్కకు రండి. మామూలు టైరు గాలి లేకుండా కొద్ది దూరం నడిచినా లోపల నలిగిపోతుంది. అందుకే తొందరగా ఆపాలి. కానీ హైవే అంచున రెండడుగుల చోటులో, ట్రక్కులు ఒరుసుకుపోయే చోట ఆపి టైరును కాపాడుకోవడం వద్దు. తర్వాతి ఎగ్జిట్ దాకా పాకుతూ పోయి టైరు పాడైతే కొత్తది కొనుక్కోవచ్చు. మనుషులను ముందు బండి లోంచి దించి రెయిలింగ్ అవతల నిలబెట్టాలి.

చోటు బాగుంటే మేకు వెతకండి. ముందు చక్రమైతే స్టీరింగ్ చివరికంటా తిప్పితే టైరు లోపలి సగం కూడా బయటికి వస్తుంది. వెనకదైతే ఎవరైనా బండిని అరచుట్టు ముందుకు జరపాలి, మీరు టార్చి వేసి చూడాలి. మేకు కనబడితే పీకకండి. చాలాసార్లు ఆ మేకే బిరడాలా గాలిని ఆపి ఉంచుతుంది. మొదట కంప్రెసర్ పెట్టి కంపెనీ చెప్పిన ఒత్తిడి దాకా కొట్టి, పది నిమిషాలు ఆగి గేజ్ చూడండి. ఒకటి రెండు పీఎస్ఐ మాత్రమే తగ్గితే వేరే ఏ పనీ పెట్టుకోకుండా నెమ్మదిగా దగ్గరి టైర్ల దుకాణానికి పోవచ్చు. ఇలా చేయక చాలామంది వెంటనే సీలెంట్ పోసేస్తారు. అవసరం లేని చోట అది టైరు రిపేరునే కష్టం చేస్తుంది.

గాలి నిలవకపోతే, రంధ్రం రోడ్డుకు ఆనే భాగం మధ్యలో ఉంటే, స్ట్రిప్పు వేయవచ్చు. మన ఊరి పంక్చర్ షాపులో రోజూ చూసే పనే. మేకు పీకి, గరుకు సూదిని అదే కోణంలో గుచ్చి నాలుగైదుసార్లు ఆడించాలి. లోపల ఉక్కు తీగల పొరలుంటాయి కాబట్టి భుజం బలం వేయాల్సి వస్తుంది. జిగురు స్ట్రిప్పును రెండో సూది కంట్లోకి సగానికి దూర్చి, కొసలు అరంగుళం బయట ఉండేదాకా నెట్టి, సూదిని ఒక్క ఊపున లాగేయాలి. గాలి కొట్టి సబ్బు నీళ్లు చల్లితే బుడగలు రాకూడదు. ఇది దుకాణం దాకా తీసుకెళ్లే పని మాత్రమే.

స్ట్రిప్పు వేసే ఓపికా చోటూ లేనప్పుడు సీలెంట్. దాని తెల్లటి లేటెక్స్ ద్రవం టైరు తిరిగేకొద్దీ లోపల పరుచుకుని, బయటికి పోయే గాలితో పాటు రంధ్రంలోకి వెళ్లి గడ్డకడుతుంది. సుమారు నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్ల రంధ్రం దాకానే దీని శక్తి. సీసా బాగా కుదిపి, వాల్వు కింది వైపు లేకుండా చూసుకుని, గొట్టం బిగించి కంప్రెసర్ వేయండి. ద్రవం వాల్వులోంచి దూరేటప్పుడు గేజ్ ముల్లు ఒక్కసారిగా 5, 6 బార్ దాకా ఎగురుతుంది. కంగారుపడి ఆపేయకండి, అర నిమిషంలో దిగి అసలు ఒత్తిడి చూపిస్తుంది. గాలి నిండగానే బయల్దేరాలి, ఆగితే ద్రవం అడుగున చేరిపోతుంది. పది నిమిషాలు నడిపి ఆపి మళ్లీ చూడండి. అప్పటికి 1.3 బార్, అంటే 19 పీఎస్ఐ కన్నా దిగి ఉంటే ఆ టైరు ఇక పనికిరాదని చాలా మాన్యువళ్ల మాట. మీ కారుకు వేరే అంకె ఉండవచ్చు, చూసి పెట్టుకోండి. నిలిచి ఉంటే 50 మైళ్ల వేగం మించకుండా దుకాణానికి. అక్కడ టైరు విప్పే కుర్రాడికి లోపల సీలెంట్ ఉందని ముందే చెప్పడం కనీస మర్యాద. చెప్పకపోతే అది అతని మొహం మీద చిమ్మవచ్చు. టీపీఎంఎస్ సెన్సరును కడగమని కూడా అప్పుడే చెప్పండి.

సైడ్‌వాల్ చిరిగినా, గుంతలో పడి రిమ్ము పగిలినా ఈ కిట్ ఏదీ పనిచేయదు. ఈ కార్లలో ఆ ప్రమాదం ఎక్కువ. 305/30 అంటే సైడ్‌వాల్ ఎత్తు 92 మిల్లీమీటర్లే. మన స్విఫ్ట్‌కు వచ్చే 165/80 టైరులో అది 132. గుంత దెబ్బను మింగే మెత్తదనం అక్కడే తగ్గిపోయింది. అప్పుడు టో ట్రక్కే మార్గం. ఫోన్లోనే ఫ్లాట్‌బెడ్ కావాలి, కారు చాలా కిందికి ఉంటుంది అని చెప్పాలి. అమెరికాలో దారిలో ఆగిన బండ్లకు సాయం చేసే ట్రిపుల్ ఏ వారి ప్లస్ సభ్యత్వంలో 100 మైళ్ల దాకా లాగుతారు, పశ్చిమ టెక్సస్ లాంటి చోట అంత దూరం పనికొస్తుంది. ట్రక్కు వాలు మీద ముందు బంపర్ గీసుకోకుండా చక్రాల కింద చెక్కపలకలు వేయించండి. పట్టీలు చక్రాలకు కట్టించండి, సస్పెన్షన్‌కు వద్దు. దుకాణంలో జాకీ ఎక్కడ పెడుతున్నారో దగ్గరుండి చూడండి. కార్వెట్ పక్క ప్యానెళ్లు లోహం కావు. జాకీ చోటు తప్పితే పగులుతాయి. ఫ్రేములోని కంతల్లో పెట్టే రబ్బరు దిమ్మలు యజమానులు వెంట ఉంచుకునేది అందుకే.

టైరు విప్పాక లోపల చేయి పెట్టి చూపించమనండి. నల్లటి రబ్బరు పొట్టు, పొడి కనబడితే సైడ్‌వాల్ నలిగిందని అర్థం. బయటికి ఎంత బాగున్నా దాన్ని మళ్లీ ఎక్కించవద్దు. పొట్టు లేకుండా, రంధ్రం ట్రెడ్‌లోనే ఆరు మిల్లీమీటర్ల లోపు ఉంటే, లోపలినుంచి బిరడా, ప్యాచ్ కలిపి వేసే రిపేరు సరైనది. బయటినుంచి వేసిన స్ట్రిప్పునే శాశ్వతమనుకుని ఏళ్ల తరబడి తిరగవద్దు. గంటకు 300 కిలోమీటర్లు తట్టేలా చేసిన టైరైనా, రిపేరు తర్వాత దాన్ని ఆ వేగానికి నమ్మవద్దు. రేస్ ట్రాక్ మీదికైతే అసలు తీసుకెళ్లవద్దు. కొత్తది కొనాల్సి వస్తే, పాత జోడు బాగా అరిగి ఉన్నప్పుడు ఆ ఇరుసుకు రెండూ మార్చాలి. బిల్లు బరువే, కానీ చిన్నా పెద్దా చక్రాల చిక్కు అరిగిన టైరు, కొత్త టైరు మధ్య కూడా వస్తుంది. వాడేసిన సీలెంట్ సీసా బదులు కొత్తది అదే రోజు తెచ్చి పెట్టండి, దాని మీద గడువు తేదీ చూసి కొనండి. సాధారణంగా నాలుగైదేళ్లే ఉంటుంది.