కుమ్మరి కుండ – చేతిఫోను బేరము

మన వరంగల్లు ప్రాంతమున కాకతీయుల కాలమునాటి చెరువులు రైతునకు నీటిని, కుమ్మరికి మన్నును ఒసంగుచు వచ్చినవి. మన్నును కాల్చు విద్యయు ఈ నేలకు క్రొత్తది గాదు. పాలంపేటలో 1213లో వెలసిన రామప్ప దేవాలయమునకు బరువు తగ్గించుటకై పైకట్టడమున తేలిక యిటుకలను వాడిరి. 2021లో యునెస్కో ఆ దేవాలయమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినప్పుడు ఈ యిటుకలను గూర్చియు ప్రశంసించినది.

అయినను నేడు పెక్కు గ్రామములలో కుమ్మరి సారె నిలిచిపోవుచున్నది. స్టీలు బిందెయు, ప్లాస్టిక్ డ్రమ్మును ఇంట జేరిన పిమ్మట, వేసవికి రంజను, పెండ్లికి ఐరేని కుండలు, బోనాలకు ఒక కుండ, దీపావళికి ప్రమిదలు తప్ప తక్కినవి అడుగువారు తగ్గిపోయిరి. తండ్రి సారె త్రిప్పుచుండగా కొడుకు పట్నమునకు కూలికి పోవుచున్నాడు.

ఇట్టి తరుణమున చేతిఫోను ఒక క్రొత్త అంగడిని తెరచినది. పులుసు కాచుటకు, పెరుగు తోడుపెట్టుటకు మట్టి పాత్రలు కోరు పట్టణవాసులు ఇంటర్నెట్టులో వెదకి కొనుచున్నారు. ఈ బేరమున లాభము కలదా యని పలువురు మమ్ము అడుగుచున్నారు. కలదు గాని, లెక్క తెలిసి చేయువానికే కలదని మా యభిప్రాయము.

మొదటి లెక్క రవాణా. కొరియరువారు సామాన్యముగా బరువును మాత్రమే గాక, పెట్టె ఆక్రమించు చోటును గూడ కొలుతురు. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5,000 చేత భాగించి, వచ్చిన సంఖ్యను కిలోలుగా నెంచుట వాడుక. ప్రతి ప్రక్క 30 సెంటీమీటర్లు గల పెట్టెకు 5.4 కిలోల కూలి పడును. లోని కుండ రెండు కిలోలే తూగినను కూలి తగ్గదు. కావున ఒకదానిలో నొకటి ఇముడు మూకుళ్ళు, గిన్నెలు, ప్రమిదలు దూరదేశమునకు పంపదగినవి. రంజనులను, బానలను హనుమకొండ, కాజీపేట వంటి సమీప పట్టణములకు బండిమీద చేర్చుటయే మేలు. అచ్చటి కొనుగోలుదారునకు ముందుగా ఫోనులో బొమ్మ చూపి బేరము కుదుర్చుకొనవచ్చును.

రెండవది పగులు. కుమ్మరికి ఒక యేడు, గుదియకు ఒక పెట్టు అని సామెత యున్నది గదా. ప్రతి పాత్రను విడిగా చుట్టి, నడుమ రెండంగుళముల మందమున బాగుగా ఎండిన వరిగడ్డి కూరవలెను. పెట్టెను నడుమెత్తునుండి పడవేసి చూచి, లోన పగులకున్నచో అదే విధమున తక్కినవి కట్టవలెను.

మూడవది ధర. ఉదాహరణమునకు నూరు కుండలకు మన్ను, కట్టెలు, ఇంటివారి కూలితో కలిపి 4,000 రూపాయలు పడెననుకొందము. ఆవములో 15 పగిలినచో మిగిలినవి 85. అప్పుడు కుండ ఒక్కింటి ఖర్చు 40 కాదు, 47 రూపాయలు. దీనిపై కట్టుబడి, రవాణా, అంగడివారి కమీషను చేర్చిన పిమ్మటనే లాభము. ఇంటివారి కూలిని లెక్కింపక అమ్మువాడు ఎన్ని కుండలమ్మినను పేదవాడే.

సరకును గూర్చి సత్యమునే వ్రాయవలెను. ఎన్ని లీటర్లు పట్టునో, పొయ్యిపై పెట్టదగునో లేదో తెలుపవలెను. రోగములు కుదురునని చెప్పరాదు. రంజను గోడలనుండి ఊరిన నీరు ఆవిరియగుటచే లోని నీరు చల్లబడును. అందమునకై పెయింటు పూసినచో ఆ సూక్ష్మరంధ్రములు మూసికొనిపోవును. వంటపాత్రకు మన్నులో తగుపాళ్ళ ఇసుక కలిపినచో వేడికి పగులుట తగ్గును.

డబ్బు విషయమున మెలకువ వలయును. సొమ్ము పుచ్చుకొనుటకు రహస్యసంఖ్య నొక్క నక్కరలేదు. నొక్కుమని కోరువాడు మోసగాడే. మోసపోయినవారు వెంటనే 1930కు ఫోను చేయవలెను.

ఈ పనులన్నియు ఒంటరి కుమ్మరికి భారములు. పదిమంది కూడినచో భారము తగ్గును. వేరువేరు కుటుంబములకు చెందిన పదిమంది 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము క్రింద సంఘముగా నేర్పడవచ్చును. 1956లో స్థాపింపబడిన ముల్కనూరు సంఘము రైతులకు అప్పులిచ్చుటతో నాగక, వారి పంటను శుద్ధిచేసి అమ్ముపనియు చేపట్టుట మన కన్నులయెదుటి నిదర్శనము. 2023 సెప్టెంబరు 17న ఆరంభమైన విశ్వకర్మ పథకమున కుమ్మరులును చేరియున్నారు. అందు మొదట లక్ష, పిదప రెండు లక్షల వరకు నూటికి అయిదు వడ్డీకి అప్పును, పనిముట్లకు 15,000 రూపాయల సాయమును ఏర్పరచిరి.

రైతు సోదరులకును ఇందు బాధ్యత కలదు. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ పనులలో చెరువుల పూడిక పొలములకు చేరినది, మంచిదే. కాని కుండకు పనికివచ్చు జిగటమన్ను చెరువులో అంతటను దొరకదు. ఆ పాలు ట్రాక్టర్లపై పోయినచో ఫోనులో ఎన్ని బేరములు వచ్చినను సారెపై పెట్టుటకు ముద్ద యుండదు. కావున రాబోవు వేసవిలో చెరువు మన్ను ఎత్తకముందే పెద్దలు కుమ్మరులను పిలిచి, వారు చూపిన చోటును గ్రామసభలో తీర్మానించి విడిచిపెట్టవలెనని సభ్యులను కోరుచున్నాము.