సూదిబెజ్జమూ ఒంటే

ధనికుడి పరలోక ప్రవేశాన్ని సూదిబెజ్జంలో ఒంటె దూరడంతో పోల్చిన యేసు మాట మత్తయి, మార్కు, లూకా సువార్తలు మూడింటిలోనూ ఉంది. ఆస్తి అమ్మి బీదలకిచ్చి తనను వెంబడించమన్నప్పుడు ఒక సంపన్నుడు చిన్నబోయి వెళ్ళిపోయిన సందర్భమది. అతడు దుర్మార్గుడేమీ కాడు. బాల్యం నుంచీ ఆజ్ఞలు పాటించినవాడు. యేసు అతణ్ణి ప్రేమించాడని మార్కు ఒక్కడే రాశాడు.

ఈ పోలికను మెత్తబరచే ప్రయత్నాలు చాలా జరిగాయి. గ్రీకులో కామేలోస్ అంటే ఒంటె, కామిలోస్ అంటే ఓడ మోకు. కొన్ని రాతప్రతుల్లో రెండో రూపమే ఉంది. (మోకు మాత్రం సూదిలోకి ఎక్కుతుందా?) యెరూషలేములో ఆ పేరుతో ఇరుకు ద్వారముండేదనీ, మూటలు దించి మోకరిస్తే ఒంటె పట్టేదనీ ప్రసంగాల్లో నేటికీ వింటాం. ప్రాచీన నగరంలో అటువంటి ద్వారం ఉన్నట్టు ఆధారం లేదు. బాబిలోనియా తల్మూదులో సూదిబెజ్జంలో దూరే ఏనుగు అసాధ్యానికి ఉదాహరణ. ఒంటె కూడా ఆ కోవలోనిదే.

క్రీ.శ. 200 ప్రాంతాన అలెగ్జాండ్రియా క్లెమెంట్ వాదన వీటికన్నా లోతైనది: వదలవలసింది ఆస్తిని కాదు, దానిపై మమకారాన్ని, అందరూ నిరుపేదలైతే ఆకలిగొన్నవాడికి పెట్టేదెవరు? దీన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం. అయితే మమకారం పోయిందో లేదో తేల్చే పని ఆస్తిపరుడికే మిగులుతుంది. ఆ సంపన్నుడికి యేసు అంత వెసులుబాటు ఇవ్వలేదు.

అదే ఈజిప్టులో, మూడో శతాబ్దం చివరిభాగంలో, ఆంటొనీ అనే యువకుడు ఈ ఘట్టాన్ని చర్చిలో విని సుమారు 300 అరూరాల పొలాన్ని ఊరివారికి ఇచ్చేశాడని అథనాసియస్ రాశాడు. చెల్లెలి కోసమని కొంత సొమ్ము అట్టిపెట్టుకున్నాడు. రేపటిని గూర్చి చింతించవద్దన్న మాట మరోనాడు చెవినపడ్డాక అదీ పంచిపెట్టాడు.