చలనార్థక ఆంగ్ల ఫ్రేజల్ వెర్బ్‌లు – ప్రీపొజిషన్‌ల కూర్పు: తెలుగు వాక్యంతో తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: ఆంగ్లంలో చలనాన్ని తెలిపే ఫ్రేజల్ వెర్బ్‌లు ప్రీపొజిషన్‌లతో కలిసే తీరు తెలుగు విద్యార్థులకు చాలావరకు కంఠస్థం చేయవలసిన పట్టికగానే అందుతుంది. ఆ కూర్పుకు ఒక క్రమం ఉందని, అది తెలుగు వాక్యక్రమానికి అద్దంలోని ప్రతిబింబం వంటిదని ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ పోలిక నిలిచే చోట్లనూ, నిలవని చోట్లనూ ఉదాహరణలతో చూపుతుంది.

కీలక పదాలు: చలనక్రియలు, దిశాపదం, విభక్తి, ఔపవిభక్తికం, ద్రావిడ వాక్యక్రమం, ఆంగ్లబోధన.

1. ఉపోద్ఘాతం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి భాగంలోని పట్టణాలు. మదనపల్లెలో బిసెంట్ థియోసాఫికల్ కళాశాల 1915లో ఏర్పడింది. 1919లో ఆ ఊరిలో బస చేసినప్పుడే రవీంద్రనాథ్ ఠాగూర్ 'జనగణమన'ను ఆంగ్లంలోకి అనువదించారు. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు కలిసే చోట ఉన్న కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆంగ్లబోధనకు శతాబ్దానికి పైబడిన చరిత్ర, మూడు ద్రావిడ భాషల సాన్నిహిత్యం ఉన్న ఈ ప్రాంతం ప్రస్తుత విషయానికి తగిన భూమిక.

"గెట్ డౌన్ ఫ్రమ్ ద బస్", "గో టు హోమ్" వంటి ప్రయోగాలు తెలుగు విద్యార్థుల రాతలో తరచుగా కనిపిస్తాయి. వీటిని అజ్ఞానంగా లెక్కించి మార్కులు తగ్గించడం సులభం. కాని ఇవి మాతృభాషా వ్యాకరణాన్ని విద్యార్థి క్రమం తప్పకుండా అన్వయించడం వల్ల ఏర్పడినవి. కారణం క్రమబద్ధమైనప్పుడు పరిష్కారం కూడా క్రమబద్ధంగానే ఉండాలి.

2. ఆంగ్లవాక్యంలో మూడు స్థానాలు

"ద కౌ ర్యాన్ అవుట్ ఆఫ్ ద షెడ్" అనే వాక్యంలో మూడు స్థానాలున్నాయి. 'ర్యాన్' చలనం ఎలా జరిగిందో చెబుతుంది. 'అవుట్' ఏ దిశగా జరిగిందో చెబుతుంది. దీనిని ఇక్కడ దిశాపదం అందాం. 'ఆఫ్' ఆ చలనాన్ని 'షెడ్' అనే నామంతో ముడివేస్తుంది, ఇది ప్రీపొజిషన్. కమ్ డౌన్ ఫ్రమ్, గో బ్యాక్ టు, రన్ అవే ఫ్రమ్, వాక్ అప్ టు వంటివన్నీ ఈ అచ్చులో పోసినవే.

దిశాపదాన్ని, ప్రీపొజిషన్‌ను వేరుచేయడానికి సులభమైన పరీక్ష ఒకటుంది. నామాన్ని తొలగించి చూడాలి. "ద కౌ ర్యాన్ అవుట్" వాక్యంగా నిలుస్తుంది. "ద కౌ ర్యాన్ ఆఫ్" ఆ అర్థంలో నిలవదు. తెలుగులోనూ ఇదే భేదం ఉంది. "ఆవు బయటికి పరిగెత్తింది" అనవచ్చు. 'బయటికి' స్వతంత్ర పదం. 'నుంచి' మాత్రం నామాన్ని ఆశ్రయించక తప్పదు.

రాతలో ఒకటిగా కనిపించే 'ఆన్‌టు', విడిగా రాసే 'ఆన్ టు' మధ్య భేదం కూడా ఈ స్థానాల వల్లనే తెలుస్తుంది. "జంప్డ్ ఆన్‌టు ద కార్ట్" అన్నప్పుడు అది ఒకే ప్రీపొజిషన్; బండి మీదికి దూకాడని అర్థం. "డ్రోవ్ ఆన్ టు కుప్పం" అన్నప్పుడు 'ఆన్' దిశాపదం, 'టు' ప్రీపొజిషన్. మదనపల్లెలో బయలుదేరినవాడు పుంగనూరులో ఆగక కుప్పం దాకా ముందుకు సాగాడని భావం.

3. 'ఆఫ్' కలిగించే చిక్కు

బడిలో 'ఆఫ్' అంటే 'యొక్క' అని నేర్చుకున్న విద్యార్థికి "అవుట్ ఆఫ్ ద షెడ్" అర్థం కాదు. 'కొట్టం యొక్క బయట' అనుకుంటే చలనం పోయి స్థానం మాత్రమే మిగులుతుంది. చారిత్రకంగా ఒక ఎఫ్ ఉన్న 'ఆఫ్', రెండు ఎఫ్‌లున్న 'ఆఫ్' ఒకే ప్రాచీనాంగ్ల పదం నుంచి విడివడినవి. దాని మూలార్థం 'నుంచి' అన్నదే. 'అవుట్ ఆఫ్'లో ఆ పాత అర్థమే మిగిలి ఉంది.

కనుక ఇక్కడ 'ఆఫ్' షష్ఠీ విభక్తికి కాక పంచమికి సమానం. 'వలన' వచ్చే సందర్భాలలో చిన్నయసూరి బాలవ్యాకరణం అపాయాన్ని, అంటే ఒకచోటి నుంచి విడివడటాన్ని, చేర్చింది. ఈనాటి వ్యవహారంలో ఆ పని 'నుంచి' చేస్తోంది. ఈ ఒక్క వివరణతో 'అవుట్ ఆఫ్' మినహాయింపుగా కాక నియమంగా కనిపిస్తుంది.

4. అద్దంలోని ప్రతిబింబం

పూడిక తీయడానికి బావిలోకి దిగిన మనిషి మళ్లీ పైకి వచ్చిన సందర్భాన్ని ఆంగ్లంలో "హి కేమ్ బ్యాక్ అప్ అవుట్ ఆఫ్ ద వెల్" అంటారు. కర్తను పక్కన పెడితే క్రమం ఇది: కేమ్, బ్యాక్, అప్, అవుట్ ఆఫ్, ద వెల్. తెలుగులో: "బావిలోనుంచి పైకి తిరిగి వచ్చాడు." బావి, లోనుంచి, పైకి, తిరిగి, వచ్చాడు. ఆంగ్లక్రమాన్ని చివరినుంచి మొదటికి చదివితే తెలుగుక్రమం వస్తుంది.

తెలుగులో 'తిరిగి', 'పైకి' పరస్పరం స్థానం మార్చుకోగలవు. విభక్తి నామాన్ని అంటి ఉండటం, సమాపక క్రియ చివర రావడం సాధారణ క్రమం. నామం ఔపవిభక్తిక రూపం పొంది ప్రత్యయాన్ని స్వీకరిస్తుంది: ఇల్లు, ఇంటిలోనుంచి. ఆంగ్లంలో నామం మారదు. దాని ముందున్న పదాలే ఆ భారం మోస్తాయి.

సరిహద్దు భాషలలోనూ ఇదే క్రమం. తమిళంలో "కిణట్రిలిరుందు మేలే తిరుంబి వందాన్". కన్నడంలో "బావియింద మేలక్కె మరళి బందను". కుప్పం తరగతిగదిలో మూడు మాతృభాషల విద్యార్థులు కూర్చున్నా వారికి ఒకే బోధనా పద్ధతి సరిపోతుంది.

5. ప్రతిబింబం చెదిరే చోట్లు

చలనమార్గాన్ని క్రియలోనే ఇమిడ్చే భాషలు, క్రియకు వెలుపలి పదంతో చెప్పే భాషలు అని భాషాశాస్త్రవేత్త లెనార్డ్ టాల్మీ విభజించారు. ఆంగ్లం రెండవ వర్గానికి చెందుతుంది. తెలుగులో ఎక్కు, దిగు, దూరు, దాటు, చేరు వంటి క్రియలు మార్గాన్ని తమలోనే ఇముడ్చుకొన్నవి. బస్సు, కారు, గుర్రం, చెట్టు అన్నింటికీ 'ఎక్కు' చాలు. ఆంగ్లంలో బస్సుకు 'గెట్ ఆన్', కారుకు 'గెట్ ఇంటు'. దిగేటప్పుడు బస్సుకు 'గెట్ ఆఫ్', కారుకు 'గెట్ అవుట్ ఆఫ్'. లోపల నిలబడి నడవగల వాహనమా, శరీరాన్ని ముడుచుకొని కూర్చునే వాహనమా అన్నది స్థూలంగా ఇక్కడి భేదం.

'దిగు'లోని కిందిచూపును విద్యార్థి 'డౌన్'గా, 'బస్సులోనుంచి' అన్నదానిని 'ఫ్రమ్'గా మార్చినప్పుడు "గెట్ డౌన్ ఫ్రమ్ ద బస్" పుడుతుంది. తమిళంలో 'ఇఱంగు', కన్నడంలో 'ఇళి' కూడా ఇదే స్వభావం గలవి. భారతీయ ఆంగ్లంలో ఈ ప్రయోగం విస్తృతంగా నెలకొనడంలో ఆశ్చర్యం లేదు.

'ఇంటికి', 'ఇక్కడికి' అన్నప్పుడు తెలుగు 'కి' కోరుతుంది. ఆంగ్లంలో 'హోమ్', 'హియర్' గమ్యార్థంలో తామే దిశాపదాలు. వాటికి 'టు' అక్కరలేదు. ఇందుకు భిన్నంగా "కుప్పం వెళ్లాడు" అని తెలుగు ఊరిపేరు వద్ద 'కి'ని వదలగలదు. ఆంగ్లం 'టు'ను వదలదు.

6. చలనం నుంచి లక్షణార్థానికి

ఫ్రేజల్ వెర్బ్ తెలుగుకు పూర్తిగా పరాయిది కాదు. 'వెనుకబడు', 'బయటపడు', 'వెంటపడు', 'ఎదురుపడు' అనేవి దిశాపదం, క్రియ కలిసిన సమాసక్రియలే. 'వెనుకబడు'కు 'ఫాల్ బిహైండ్' దాదాపు మాటకు మాట. "అప్పులనుంచి బయటపడ్డాడు" అన్నదానిని తిరగవేస్తే "గాట్ అవుట్ ఆఫ్ డెట్" వస్తుంది. 'అవే' చేసే పనిని తెలుగులో అనుబంధక్రియ 'పోవు' చేస్తుంది: పారిపోవు, ఎగిరిపోవు, కొట్టుకుపోవు. ఈ ప్రాంతపు వాడుకలో 'వెళ్లు' కంటే 'పోవు' ప్రధానక్రియగానూ బలంగా ఉంది. అందువల్ల ఈ పోలిక విద్యార్థికి చప్పున అందుతుంది.

అయితే 'గో బ్యాక్ ఆన్' అంటే మాట తప్పడం. ఇక్కడ ప్రీపొజిషన్‌ను చలనార్థం నుంచి నేరుగా ఊహించలేము. ఇటువంటివి మాత్రమే విడిగా నేర్వవలసినవి.

7. ముగింపు

దిశాపదం ముందు, ప్రీపొజిషన్ తర్వాత. మొదటిది ఒంటరిగా నిలుస్తుంది, రెండవది నామాన్ని ఆశ్రయిస్తుంది. మొత్తం వరుస తెలుగుకు ప్రతిబింబం. ఈ మూడు సూత్రాలతో చలనార్థక కూర్పులలో చాలాభాగం వివరించవచ్చు. మిగిలినవాటికే పట్టిక అవసరం. తెలుగు విభక్తి ప్రకరణాన్ని పక్కన పెట్టి కాక, దానినే ఆధారం చేసుకొని ఆంగ్లం బోధించినప్పుడు మాతృభాషా వ్యాకరణజ్ఞానం విద్యార్థికి సాధనం అవుతుంది. తెలుగు, ఆంగ్ల శాఖల అధ్యాపకులు కలిసి పాఠ్యాంశాలు రూపొందించవలసిన అవసరాన్ని ఈ పోలిక సూచిస్తున్నది.