అయ్యగారికి సెలవా? సేవకుల విశ్రాంతిపై అపోహలు, వాస్తవాలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం. ఈ మూడు ఊళ్ళలో ఏ సంఘానికి వెళ్ళినా పాస్టర్‌గారి వారం ఇంచుమించు ఒకేలా గడుస్తుంది. ఆదివారం పొద్దున ఆరాధన, సండే స్కూలు, సాయంత్రం ఏదో పల్లెలో ఇంకో కూడిక. వారం మధ్యలో గృహ ప్రార్థనలు, స్త్రీల కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన. ఎవరైనా ఆస్పత్రిలో చేరినా, మొగుడూ పెళ్ళాలు తగవుపడినా, సమాధి కార్యక్రమం ఉన్నా ఫోను మోగేది ఆయనకే. కుప్పంలో పరిస్థితి ఇంకాస్త కష్టం. రైలెక్కి బెంగుళూరులో పనికి పోయి వచ్చేవాళ్ళకు ఆదివారం ఒక్కటే దొరుకుతుంది కాబట్టి పెళ్ళిమాటలూ పంచాయితీలూ అన్నీ ఆ రోజు మీదే పడతాయి.

ఆరేడేళ్ళ సేవ తర్వాత ఒకసారి రెండు మూడు నెలలు బాధ్యతలన్నీ దించి, జీతం ఆపకుండా, విశ్రాంతికీ చదువుకూ ప్రార్థనకూ పంపే ఏర్పాటును సబ్బాటికల్ సెలవు అంటారు. మన దగ్గర ఆ మాటెత్తగానే కొన్ని అభ్యంతరాలు వస్తాయి. చాలావరకు సంఘం మీద ప్రేమతో అనేవే. అయినా వాటిలో నిజం తక్కువ.

"ఇది అమెరికావాళ్ళ అలవాటు. బైబిల్లో ఎక్కడుంది?"

విశ్వవిద్యాలయాల్లో ఈ సెలవు 1880లో హార్వర్డ్‌లో మొదలైన మాట నిజమే. అయితే ఆ ఆలోచన వాళ్ళకు దొరికింది లేవీయకాండము 25వ అధ్యాయంలో. ఆరేళ్ళు పొలం దున్ని, ఏడో ఏడు బీడు పెట్టమన్నాడు దేవుడు. అది భూమికి చెప్పింది, మనుషులకు కాదు కదా అంటారా? అయితే సంఖ్యాకాండము 8వ అధ్యాయం చివర చూడండి. లేవీయులు ఇరవై ఐదేళ్ళ వయసులో గుడారపు సేవలోకి రావాలి, యాభై ఏళ్ళకు ఆ బరువు పని నుంచి తప్పుకోవాలి. ఆ తర్వాత సహోదరులకు సాయంగా ఉండవచ్చు, పని మాత్రం చేయకూడదు. సేవకుడి ఒంటికి హద్దుంటుందని ధర్మశాస్త్రమే రాసిపెట్టింది.

1 దినవృత్తాంతములు 24లో యాజకులను ఇరవై నాలుగు తరగతులుగా విభజించి వంతులు వేశారు. బాప్తిస్మమిచ్చే యోహాను తండ్రి జెకర్యాది అబీయా తరగతి. తన సేవ దినాలు పూర్తికాగానే ఇంటికి వెళ్ళాడని లూకా మొదటి అధ్యాయంలోనే ఉంది. దేవదూత కనపడ్డాడు, నోట మాట పడిపోయింది, అయినా ఆయన గడువు ముగిసేదాకా ఉండి, ముగిశాక ఇల్లు చేరాడు. అంతకన్నా క్రమమైన డ్యూటీ చార్టు మన పాస్టరేట్లలో ఎక్కడైనా ఉందా?

దీనికి ఎదురు చెప్పేవాళ్ళు మార్కు సువార్త ఆరో అధ్యాయం ఎత్తుతారు. శిష్యులను విశ్రాంతికి రమ్మన్న ప్రభువే, జనం వెంటపడి వస్తే కనికరపడి బోధించాడు కదా, సెలవు మానుకున్నాడు కదా అని. ఆ అధ్యాయాన్ని అక్కడితో ఆపకూడదు. జనానికి భోజనం పెట్టిన వెంటనే ఆయన శిష్యులను పడవెక్కించి ముందుగా పంపేశాడు, జనసమూహాన్ని తానే సాగనంపాడు, ఒంటరిగా ప్రార్థనకు కొండెక్కాడు. విశ్రాంతి కాస్త ఆలస్యమైందే గాని రద్దు కాలేదు.

"పాతకాలపు దైవసేవకులు సెలవన్నదే ఎరగరు"

ఈ మాట మదనపల్లెలో వినిపించడం నాకు మరీ బాధ కలిగిస్తుంది. ఎందుకంటే ఈ ఊరి సంఘ చరిత్రే దానికి జవాబు. అమెరికన్ మిషనరీలైన స్కడర్ సోదరులు 1853లో ఆర్కాటు మిషన్‌ను ఏర్పాటు చేశారు. ఆ మిషన్ తరఫున 1863లో జేకబ్ చేంబర్లేన్ మదనపల్లెలో పని మొదలుపెట్టాడు. ఆయన వైద్యుడు, బోధకుడు, తెలుగు బైబిల్ సవరణ కోసం ఏళ్ళ తరబడి శ్రమించిన పండితుడు. ఆరోగ్యం దెబ్బతిన్నప్పుడు అమెరికా వెళ్ళాడు, కోలుకున్నాడు, మళ్ళీ ఇక్కడికే వచ్చాడు. 1908లో మదనపల్లెలోనే కన్నుమూశాడు. అన్నేళ్ళ సేవకు ఆ సెలవులు అడ్డం రాలేదు, ఊతమిచ్చాయి.

మిషనరీలకు కొన్నేళ్ళకోసారి స్వదేశానికి వెళ్ళే ఫర్లో ఉండేది. ఎండాకాలం కొండల మీదికి వెళ్ళే వీలుండేది. కొడైకెనాల్‌ను 1845లో విడిదిగా మొదలుపెట్టింది మదురై అమెరికన్ మిషనరీలే. జబ్బులతో తోటివాళ్ళనూ పిల్లలనూ పోగొట్టుకున్నాక వాళ్ళు చేసిన పని అది. సరే, ఫర్లో అంటే హాయిగా కూర్చోవడమేమీ కాదు. అక్కడి సంఘాలన్నీ తిరిగి ప్రసంగాలు చెయ్యాలి, మిషన్‌కు డబ్బు కూడగట్టాలి. అయినా అది హక్కుగా రాసి ఉన్న సెలవు.

ఆ సెలవు లేనిది ఎవరికంటే మన ఉపదేశులకు, మన బైబిల్ ఉమెన్‌కు, మన దేశీయ పాస్టర్లకు. దొరగారు ఓడెక్కినప్పుడు పల్లె పల్లెకూ నడిచి కూడికలు నడిపింది వాళ్ళే. కాబట్టి పాతకాలంలో సెలవు లేదనడం తప్పు. ఉండేది, తెల్లవాళ్ళకు ఉండేది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి, క్రమంగా మిషన్లు వెళ్ళిపోయాక ఆస్తులు, బడులు, ఆస్పత్రులు మన చేతికొచ్చాయి. ఫర్లో మాత్రం వాళ్ళతోనే పోయింది. ఆ లోటును మనం భక్తి అని పిలుచుకుంటున్నాం. అది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

"అయ్యగారు లేకపోతే సంఘం చెదిరిపోతుంది"

పైన చెప్పిన ఉపదేశుల సంగతే దీనికి సగం జవాబు. ఎఫెసులో మూడేళ్ళు కన్నీళ్ళతో బోధించిన పౌలు పెద్దలను పిలిచి మందను వాళ్ళకు అప్పజెప్పి వెళ్ళాడన్నది మిగతా సగం. మూడు నెలలు కాపరి లేకపోతే నిలబడలేని సంఘముంటే, ఆ సంగతి ఆయన ఉన్నప్పుడే బయటపడటం మంచిది. వాక్యం చెప్పగల పెద్దలు ఇద్దరు ముగ్గురు ప్రతి సంఘంలోనూ ఉంటారు. వాళ్ళకు అవకాశం రాలేదంతే. ప్రభురాత్రి భోజనానికి, బాప్తిస్మానికి పక్క ఊరి పాస్టర్‌గారు వస్తారు. మదనపల్లె ఆయన పుంగనూరుకు, పుంగనూరు ఆయన మదనపల్లెకు బస్సులో వచ్చిపోయే దూరమే.

"సెలవు మీద వెళ్ళాడంటే ఏదో జరిగే ఉంటుంది"

ముందు చెప్పకపోవడం వల్లే ఈ గుసగుసలు పుడతాయి. బ్రిటన్‌లోని మెథడిస్టు సంఘంలో పాస్టర్‌కు పదో ఏట, ఆపైన ప్రతి ఏడేళ్ళకోసారి మూడు నెలల సబ్బాటికల్ వస్తుందని నియమమే ఉంది. అందరికీ వంతు ప్రకారం వచ్చేదాన్ని ఎవరూ అనుమానించరు. మన దగ్గర కూడా ఏడాది ముందే కమిటీలో తీర్మానం రాసి, ఆరాధనలో చదివితే ఎవరి నోటికీ పని ఉండదు.

"జీతాలున్న పెద్ద సంఘాలకైతే సరే, మాకెలా?"

అన్ని అభ్యంతరాల్లోకీ ఇదే బరువైంది. దీన్ని అపోహ అని తోసెయ్యడానికి నాకు మనసొప్పదు. డయాసిస్ జీతమిచ్చే పాస్టర్ పరిస్థితి వేరు. ఒక పల్లెలో రేకుల షెడ్డు వేసుకుని, కానుకల పెట్టెలో పడే నోట్లతో ఇల్లు గడుపుకునే స్వతంత్ర సేవకుడి పరిస్థితి వేరు. ఆయన ఆదివారం కనపడకపోతే కానుక కూడా కనపడదు. 2020లో లాక్‌డౌన్ పడి ఆరాధనలు ఆగిపోయినప్పుడు ఇది అందరికీ తెలిసొచ్చింది. ఆ మే నెలలో రాష్ట్ర ప్రభుత్వం అర్చకులకు, ఇమాంలకు, మౌజన్లకు, పాస్టర్లకు తలా 5,000 రూపాయలు ఇవ్వాల్సి వచ్చింది.

ఇందులో అపోహ ఏమిటంటే, డబ్బు లేదు కాబట్టి ఆలోచనే వద్దనుకోవడం. ఏడో ఏట ఏం తింటామని ఇశ్రాయేలీయులు అడుగుతారని లేవీయకాండము ముందే ఊహించింది. ఆరో ఏటి పంట మీద దీవెన ఉంటుందని జవాబిచ్చింది. అంటే ఏర్పాటు ముందే మొదలవ్వాలి. ఇంటికి నెలకు ఇరవై రూపాయల చొప్పున నలభై కుటుంబాలు వేరే పెట్టెలో వేస్తే నెలకు 800, ఆరేళ్ళకు 57,600. ఒక పల్లె పాస్టర్ ఇల్లు మూడు నెలలు నడవడానికి అది పెద్ద ఆసరా. మూడు నెలలు ఒకేసారి కుదరకపోతే ఏడాదికి నాలుగు వారాల చొప్పున మూడేళ్ళు ఇవ్వవచ్చు. ఊళ్ళోని పాస్టర్స్ ఫెలోషిప్‌లో పదిమంది ఉంటే, ఏడాదికి ఒకరిని పంపి మిగతా తొమ్మిదిమంది ఆ సంఘాన్ని వంతులవారీగా చూసుకోవచ్చు. అమెరికాలోని లిల్లీ ఎండోమెంట్ సంస్థ ఇటువంటి సెలవులకు సంఘాలకే నిధులిస్తుంది, అందులో కొంత పాస్టర్ లేని కాలంలో సంఘానికయ్యే ఖర్చుకు ఉద్దేశించింది. ఆ పద్ధతి మనకూ పనికొస్తుంది. వచ్చిపోయే పాస్టర్ బస్సు చార్జీ, భోజనం కూడా సెలవు ఖర్చులోనే లెక్కవెయ్యాలి.

"సెలవంటే తిరుగుళ్ళు, లేదా నిద్ర"

మొదటి రెండు వారాలు నిద్రే కావచ్చు, కానివ్వండి. బదరీ చెట్టు కింద చావు కోరుకున్న ఏలీయాకు దూత ఉపదేశం చెయ్యలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు ఇచ్చి పడుకోనిచ్చాడు, లేపి మళ్ళీ తినిపించాడు. మిగతా అంతా ఆ తర్వాతే. యెరూషలేము యాత్రకు బృందాన్ని తీసుకెళ్ళడం మాత్రం సబ్బాటికల్ కాదు, అది ఇంకో పని. వేరే ఊళ్ళ సభల్లో ప్రసంగాలు ఒప్పుకోవడం కూడా అంతే. ఫోను ఇంకొకరి చేతికి ఇవ్వకుండా వెళ్ళిన సెలవు మొదటి సమాధి కార్యక్రమంతోనే ముగుస్తుంది.

"బాగా అలసిపోయాడు, సెలవిస్తే అన్నీ సర్దుకుంటాయి"

ఇది సెలవును సమర్థించేవాళ్ళలో ఉండే అపోహ. ఇది కూడా ప్రమాదమే. ఈ విషయంలో మదనపల్లె పక్కనున్న ఆరోగ్యవరం చాలా నేర్పుతుంది. పలు మిషన్లు కలిసి అక్కడ క్షయ శానిటోరియం పెట్టాయి, 1915 నుంచి డేనిష్ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపాడు. క్షయకు మందు లేని ఆ రోజుల్లో విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి ఇవే వైద్యం. తర్వాత మందులొచ్చాయి. మందు క్రమంగా వాడితే ఇంట్లో ఉన్న రోగి కూడా శానిటోరియం మంచం మీద ఉన్న రోగిలాగే కోలుకుంటాడని 1959లో వెలువడిన మద్రాసు పరిశోధన తేల్చింది. విశ్రాంతి మేలు చేస్తుంది గానీ అన్ని జబ్బులకూ అదే మందు కాదు.

పని వల్ల వచ్చే తీవ్రమైన అలసటను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో పనికి సంబంధించిన స్థితిగా వర్గీకరించింది, జబ్బుగా కాదు. దానికి పని తగ్గించడం, సెలవివ్వడం దారి. కుంగుబాటు వేరు. నిద్ర పట్టక, తిండి సయించక, బతుకు మీద ఆశ పోయిన సేవకుణ్ణి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాలి. ప్రార్థన తక్కువైందనీ, విశ్వాసం సన్నగిల్లిందనీ ఆయన్ను నిందించడం క్రూరత్వం. అలాగే తిరిగొచ్చాక పాత బరువంతా మళ్ళీ మెడకెత్తితే మూడు నెలలు వృథా. హోరేబు నుంచి తిరిగొచ్చిన ఏలీయాకు ఎలీషా తోడు దొరికాడు.

"సెలవు పాస్టర్‌గారికే"

పాస్టరమ్మగారు ఏ రిజిస్టరులోనూ ఉండరు. స్త్రీల కూడిక ఆమెదే, సండే స్కూలు ఆమెదే, ఇంటికొచ్చిన వాళ్ళందరికీ కాఫీలూ భోజనాలూ ఆమెవే. ఆయన్ను విశ్రాంతికి పంపి ఆమెను ఇక్కడే ఉంచితే, ఆయన పనిలో సగం ఆమె మీద పడుతుంది. బైబిల్ ఉమెన్, ఉపదేశి, మందిరం ఊడ్చి గంట కొట్టే మనిషి, వీళ్ళదీ అదే కథ. మిషన్ ఆస్పత్రి నర్సుకు, మిషన్ బడి టీచరమ్మకు క్యాజువల్ లీవు ఉంటుంది, కాన్పు సెలవు ఉంటుంది. అదే ప్రాంగణంలో మందిరం కోసం పనిచేసే ఆడమనిషికి చాలాచోట్ల వారానికి ఒక రోజు కూడా రాసి ఉండదు. కమిటీ తీర్మానం రాసేటప్పుడు వీళ్ళ పేర్లు కూడా అదే కాగితం మీద, తేదీలతో సహా రాయాలి. వాళ్ళ పనిని ఎవరు చూసుకుంటారో పక్కనే రాయాలి.