ఇంట్లో తెలుగు... కథలో తమిళం!

ఊరు వదిలి వెళ్లేవాళ్లు మూటలో ఇల్లు కట్టుకుపోలేరు. కానీ భాషను తీసుకెళ్తారు. అవ్వ చెప్పిన కథల్నీ తీసుకెళ్తారు.

నెల్లూరు తీరంలోని పట్టపుపాళేల్లో పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే కొత్తవాళ్లు కాస్త తికమకపడతారు. అది తెలుగు కాదు. అలాగని చెన్నైలో వినిపించే తమిళమూ కాదు. ఏ తరంలోనో తమిళ తీరం నుంచి ఇటొచ్చి, చేపలవేటతో ఇక్కడే స్థిరపడిన పట్టపువాళ్లు వెంట తెచ్చుకున్న యాస అది. బజారులో తెలుగు, బళ్లో తెలుగు. ఇంటికొస్తే మాత్రం అమ్మ మాట!

దీన్నే తిరగేసి చూడాలంటే తమిళనాడులో దక్షిణాన ఉన్న కోవిల్‌పట్టి దాకా వెళ్లాలి. ఆ పక్కనే ఇడైసెవల్ అనే చిన్న పల్లె. ఆ ఒక్క ఊరి నుంచే ఇద్దరు తమిళ రచయితలు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు. 1970లో కు.అళగిరిసామి (మరణానంతరం), 1991లో కి.రాజనారాయణన్. విశేషమేంటంటే... ఇద్దరి మాతృభాషా తెలుగే!

అడవిలో కొత్త ఊరు

'కి.రా.'గా తమిళులు అభిమానంగా పిలుచుకునే రాజనారాయణన్ 1976లో 'గోపల్ల గ్రామం' నవల రాశారు. పేరులోనే మన 'పల్లె' వినిపిస్తుంది కదూ! ఆ ఇంటి ఆడపిల్ల చెన్నాదేవి అందం మీద ఓ పాలకుడి కన్ను పడుతుంది. పిల్లను కాపాడుకోవడానికి బంధువర్గమంతా ఉన్నపళంగా తెలుగునేలను వదిలేస్తుంది. దారిలో ఆకలి, భయం, అయినవాళ్ల మరణాలు. చివరికి దక్షిణాన అడవికి నిప్పుపెట్టి, నల్లరేగడిని సాగులోకి తెచ్చి ఊరు కట్టుకుంటారు. ఇదంతా మనకు తెలిసేది నూరేళ్లు దాటిన మంగత్తాయారు అవ్వ జ్ఞాపకాల్లోంచి. దీని కొనసాగింపు 'గోపల్లపురత్తు మక్కళ్'కే అకాడమీ అవార్డు వచ్చింది.

అవ్వ చెప్పకపోతే?

కి.రా. పెద్ద చదువులేమీ చదవలేదు. పల్లెజనం చెప్పే కథల్ని చెవిన వేసుకున్నారు. కరిసల్ సీమ... అంటే నల్లరేగడి నేల మాటలన్నీ ఏరి నిఘంటువు కూర్చారు. తర్వాత పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో జానపద సాహిత్యం బోధించారు. 2021 మే 17న ఆయన కన్నుమూస్తే తమిళనాడు ప్రభుత్వం అధికార లాంఛనాలతో వీడ్కోలు పలికింది. వలసవచ్చిన తెలుగు కుటుంబంలో పుట్టినాయన్ను ఆ నేల పరాయివాడని అనుకోలేదు. ఆయనా తన ఇంటి కథను దాచుకోలేదు.

ఇప్పుడు మన ఇళ్లలోంచీ పిల్లలు డాలస్‌కో, సిడ్నీకో వెళ్తున్నారు. మనవలు తాతయ్యతో వచ్చీరాని తెలుగులో మాట్లాడుతున్నారు. వాళ్లలో ఎవరైనా రేపు తమ ఇంటి కథ రాయాలనుకుంటే ఏ భాషలో రాసినా ఫరవాలేదు. రాయడానికి కథంటూ తెలిసుండాలి. అందుకే ఈసారి వీడియోకాల్‌లో 'తిన్నావా, పడుకున్నావా'తో సరిపెట్టకండి. మన ముత్తాత ఏ ఊరి నుంచి, ఎందుకు కదిలాడో కూడా చెప్పండి. పట్టపుపాళెంలోని అవ్వలకైనా, మన ఇంట్లోని అమ్మమ్మలకైనా ఆ పని రేపటికి వాయిదా వేసేది కాదు.